గురువుకు కాగితం లేదు, శిష్యునికి వేతనం లేదు

కందులు కొట్టి ఇల్లు చేర్చిన తర్వాత పెద్దేముల్ చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిళ్లు పాట మొదలయ్యే కాలం ఒకటి ఉండేది. గుడి ముందర చాపలు పరిచి, హార్మోనియం పెట్టె తెరిచి, డోలక్ మీద చేయి పడితే ఊరు నిద్ర మరిచేది. చిరుతల రామాయణం ఆడాలని పడుచువాళ్లు పట్టుబడితే పెద్దలు పక్క ఊరి నుండి గురువును పిలిపించేవారు. ఆయన రెండు మూడు నెలలు ఊళ్లోనే మకాం పెట్టేవాడు. దినానికి ఒక ఇంట భోజనం. పగలంతా గుంటుక తోలిన చేతులకు రాత్రి చిరుతలు పట్టించేవాడు. చదువు రానివాడికి నోటితోనే పద్యం నేర్పేవాడు. ఎవడు రాముడికి పనికి వస్తాడో, ఎవడు రావణుడికి పనికి వస్తాడో గొంతు విని తేల్చేవాడు. ఆట ముగిసిన నాడు ఊరంతా చందాలు వేసి, ధోవతి పెట్టి, రొక్కం చేతిలో ఉంచి ఆయనను సాగనంపేది.

ఇది ఏ సర్కారు పథకమూ కాదు. అయినా గురువుకు తిండి, నేర్చుకునేవాడికి తీరిక, నేర్చిన తర్వాత చూసేందుకు జనం, ఈ మూడూ ఒకేచోట కుదిరిన ఏర్పాటు. యువ కళాకారులను పైకి తేవడానికి ఢిల్లీలో, హైదరాబాదులో ఇప్పుడు రాసుకునే పథకాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి ఇవ్వజూస్తాయి. మూడూ కలిపి ఇచ్చేది అరుదు.

పాతకాలాన్ని మరీ పొగడనక్కరలేదు. కళ్లాల దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు డప్పు కొట్టేవానికి ఇంత, కథ చెప్పేవానికి ఇంత అని మేర కొలిచి పెట్టడం మంచి ఏర్పాటుగానే కనిపిస్తుంది. కాని ఆ మేర వెనుక కులం ఉన్నది. డప్పు కొట్టే ఇంట పుట్టినవాడు ఇష్టమున్నా లేకున్నా డప్పే కొట్టాలి. చావుకు పిలిస్తే పోవాలి, పెండ్లికి పిలిస్తే పోవాలి, ఇచ్చినంత తీసుకోవాలి. ఆ కట్టుబాటు సడలిపోవడం మంచిదే. కట్టుబాటుతో పాటు ఆ కొలత కూడా పోయి, దాని స్థానంలో మరొకటి రాకపోవడం వల్లనే నేటి చిక్కు వచ్చిపడింది.

భజనలు పూర్తిగా ఆగిపోలేదు. జాతర వస్తే కోలాటం వేస్తారు, బతుకమ్మకు ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు, తండాల్లో తీజ్ పండుగకు ఇప్పటికీ పిల్లలు పాడుతారు. కర్ణాటక సరిహద్దు దగ్గర కాబట్టి కొన్ని పల్లెల్లో తెలుగు కీర్తన వెంట కన్నడ పాట కూడా వినిపిస్తుంది. కాని హార్మోనియం ముందర కూర్చున్నవారి తలలు నెరిసి ఉన్నాయి. పడుచువాళ్లు తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో ఉన్నారు, హైదరాబాదులో ఆటోల మీద ఉన్నారు. సెల్‌ఫోన్ వచ్చి పిల్లలను పాడు చేసిందని పెద్దలు అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉన్నా అసలు సంగతి అది కాదు. అదే సెల్‌ఫోన్లో తమ డప్పు తామే పట్టుకొని నలుగురికీ పంపుకొనే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇష్టం పోలేదు. పదిహేడేళ్ల పిల్లవాడు "దీనితో బతకవచ్చా" అని అడిగితే జవాబు చెప్పేవారు లేరు.

జవాబు అసలే లేదని అనుకుంటే పొరపాటు. కేంద్ర ప్రభుత్వం చేత కొన్ని ఉపకార వేతనాలు చాలా కాలంగా నడుస్తున్నాయి. పల్లెల్లో వీటి పేరు విన్నవారు తక్కువ గనుక కొంచెం విడమరచి చెప్పుకోవాలి.

ఢిల్లీలో 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ఒకటి ఉన్నది. సీసీఆర్‌టీ అని పిలుస్తారు. దీని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో మాదాపూర్ దగ్గరే ఉన్నది. ఈ సంస్థ 10 నుండి 14 ఏళ్ల పిల్లలకు సాంస్కృతిక ప్రతిభా ఉపకార వేతనం ఇస్తుంది. గుర్తింపు పొందిన బడిలో చదివే పిల్లలు దరఖాస్తు చేయవచ్చు. తరతరాలుగా కళ మీద బతికే కుటుంబాల పిల్లలైనా చేయవచ్చు. దేశం మొత్తానికి 650 వేతనాలు. అందులో 125 కళాకారుల కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన సంస్కృతికి చెందిన పిల్లలకు, 30 వికలాంగులకు విడిగా ఉంచారు. ఒకసారి ఎంపికైతే రెండేళ్లకొకసారి పొడిగిస్తూ డిగ్రీ మొదటి పట్టా వరకు, లేదా 20 ఏళ్ల వయసు వరకు ఇస్తారు. అంటే పెద్దేముల్ మండలంలో శారద కథలు చెప్పే ఇంటి పిల్లకు, బుడిగ జంగాల ఇంటి పిల్లవానికి, తండాలోని లంబాడీ పిల్లకు ముందే పీట వేసి ఉంచారన్న మాట. పీట ఉన్న సంగతి వారికి తెలియదు.

ఇక డబ్బు సంగతి. నిబంధనల ప్రకారం ఏడాదికి 3,600 రూపాయలు. గురువుకు కట్టే ఫీజు కింద ఏడాదికి 9,000 రూపాయలకు మించకుండా విడిగా ఇస్తారు. 3,600ను పన్నెండుతో భాగిస్తే నెలకు 300 రూపాయలు వస్తుంది. ఉపాధి హామీ పనుల్లో 2024-25 సంవత్సరానికి తెలంగాణకు నిర్ణయించిన ఒక రోజు కూలి కూడా 300 రూపాయలే. ఒక పిల్ల నెల రోజుల సాధనకు ఇచ్చేది వాళ్ల అమ్మ చెరువు మట్టి మోసిన ఒక్క రోజు కూలితో సమానం. అయినా దీన్ని చులకన చేయరాదు. పిల్ల చేతికి ఢిల్లీ నుండి పేరు రాసిన కాగితం వస్తే, ఆ పిల్లను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపే ముందు ఇంటివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ మాత్రం విలువ 3,600 రూపాయలకు ఉన్నది.

రెండవది పెద్ద పిల్లలకు. 18 నుండి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే వేతనం. ఇవి 400. శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనంతో పాటు జానపద కళలు కూడా ఇందులో ఉన్నాయి. జానపద పాట, జానపద నాటకం, తోలుబొమ్మలాట అన్నీ చెల్లుతాయి. కాని ఇది కొత్తగా నేర్చుకునేవారికి కాదు. అప్పటికే గురువు వద్ద కనీసం ఐదేళ్లు నేర్చుకొని ఉండాలి. నేర్చుకున్నట్లు గురువు రాసి ఇచ్చిన పత్రం పెట్టాలి.

పల్లె పిల్లవాడు తట్టుకుని పడే గడప ఇదే. డప్పు వాడికి ఎవరు నేర్పారు? తండ్రి నేర్పాడు, మేనమామ నేర్పాడు. చిరుతలు ఎవరు నేర్పారు? ఇప్పుడు మంచం పట్టిన ఒక ముసలాయన. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తాడు. ఏ సంస్థలోనూ ఆయన పేరు లేదు. కర్నాటక సంగీతం నేర్చుకున్న పట్నం పిల్లవానికి గురువుగారి పేరు అచ్చు వేసిన కాగితం మీద పత్రం నిమిషంలో వస్తుంది. ఇక్కడ యాభై ఏళ్లు ఊరూరా ఆట నేర్పిన మనిషి గురువని రుజువు చేసేందుకు ఊరి వాళ్ల నోటిమాట తప్ప మరేమీ లేదు. నోటిమాటను దరఖాస్తుకు కుట్టలేరు.

ఇంకొక గడప వయసు. 14 ఏళ్ల లోపు మొదటి వేతనానికి దరఖాస్తు చేయనివారు రెండోదాని కోసం 18 దాకా ఆగాలి. ఈ నడుమ నాలుగేళ్లలోనే పల్లెలో బతుకు తేలిపోతుంది. మగపిల్లవాడు పది తప్పినా, పాసైనా పనికి పోతాడు. ఆడపిల్ల విషయం మరీ కష్టం. 18 నిండిందంటే సంబంధాలు చూస్తారు. పద్దెనిమిదేళ్లకు మొదలయ్యే వేతనం పెండ్లి చీటీతో పాటే ఇంటికి వస్తుంది. బతుకమ్మ పాటలో ఊరంతటినీ వెంట తిప్పుకోగల గొంతు ఉన్న పిల్ల అత్తగారింట చేరి, అక్కడ పాడమని ఎవరూ అడగక, పాట మరిచిపోతుంది. నిబంధనలు రాసినవారు ఆడపిల్లలను కాదనాలని రాయలేదు, నిజమే. పల్లెలో పద్దెనిమిదో ఏడు ఎట్లా ఉంటుందో వారికి తట్టి ఉండదు.

లెక్క కూడా చూడాలి. దేశంలో జిల్లాలు 700 పైచిలుకు. పెద్ద పిల్లల వేతనాలు 400, చిన్న పిల్లలవి 650. ఏ లెక్కన చూసినా జిల్లాకు ఒకటి కూడా రాదు. వికారాబాద్ జిల్లా మొత్తానికి ఒకటి రావడమే గొప్ప అయితే, అందులో పెద్దేముల్ మండలం వంతు ఎంతని అడగడం దండగ. అందుచేత పోటీ పడాలన్నా ముందుగా పల్లె పిల్లల పేర్లు ఆ పోటీలో ఉండాలి. ఇప్పుడు దరఖాస్తులు ఆన్‌లైనులో పెట్టమంటున్నారు. మీసేవకు పోతే కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తెలుసు గాని సీసీఆర్‌టీ అంటే ఆ కుర్చీలోని అబ్బాయికీ కొత్త. ప్రకటన హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. గడువు ముగిసిన తర్వాత ఎవరో చెబుతారు.

మూడవది చాలామందికి అసలే తెలియనిది. 1980లలో దేశంలో ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు పెట్టారు. మన వైపు నాగపూర్ కేంద్రం, తంజావూరు కేంద్రం చూస్తాయి. వీటిలో గురు శిష్య పరంపర అనే పథకం ఉన్నది. అంతరించిపోతున్న కళను నేర్పే గురువుకు నెలకు 7,500, పక్క వాద్యకారునికి 3,750, ఒక్కొక్క శిష్యునికి 1,500 రూపాయలు. చిరుతల రామాయణం గురువుకు ఊరు పెట్టిన భోజనం, ఇచ్చిన ధోవతి, ఈ పథకంలో రూపాయలుగా మారాయి, అంతే తేడా. పాత పద్ధతికి ఇంత దగ్గరగా ఉన్న సర్కారు పథకం మరొకటి లేదు. గురువు ఢిల్లీకి పోనక్కరలేదు, శిష్యులు ఊరు విడువనక్కరలేదు. కావలసిందల్లా ఇక్కడ ఫలానా కళ ఉన్నది, ఫలానా మనిషి నేర్పగలడు, నేర్చుకోవడానికి ఇంతమంది ఉన్నారు అని జిల్లా నుండి పేర్లు పోవడం. ఆ పేర్లు పంపే పని ఎవరిది?

ఈ ప్రశ్నకు జిల్లాలో జవాబు దొరకడం కష్టం. పంటకు వ్యవసాయాధికారి, పశువుకు డాక్టరు, బడికి విద్యాధికారి ఉన్నారు. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక ఆఫీసులు దగ్గరికి వచ్చాయి, మంచిదే. కాని సాంస్కృతిక వ్యవహారాలు కొంత పౌరసంబంధాల శాఖ చేతిలో, కొంత యువజన క్రీడల శాఖ చేతిలో ఉన్నాయి. ఎవరి అసలు పనీ అది కాదు. ఎవరి అసలు పనీ కాని పని ఎట్లా జరుగుతుందో పల్లె జనానికి చెప్పనక్కరలేదు.

ఆటల విషయంలో ఇదే రాష్ట్రం మరో విధంగా నడుచుకుంటుంది. హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికి పిల్లలను తీసుకునేటప్పుడు మండల స్థాయి నుండే ఎంపిక మొదలుపెడతారు. పరుగెత్తించి, దూకించి, ఎత్తు కొలిచి, బాగున్నవారిని జిల్లాకు, అక్కడి నుండి రాష్ట్రానికి పంపుతారు. ఎంపికైన పిల్లకు తిండి, చదువు, శిక్షణ అన్నీ అక్కడే. పరుగెత్తే కాలును వెతుక్కుంటూ సర్కారు మండలానికి వస్తున్నది. పాడే గొంతు మాత్రం సర్కారును వెతుక్కుంటూ పోవాలి.

కళల పోటీలు లేవా అంటే ఉన్నాయి. 2015 నుండి తొమ్మిది మొదలు ఇంటర్ దాకా చదివే పిల్లలకు కళా ఉత్సవ్ పెడుతున్నారు. జనవరి 12న వివేకానందుని జయంతికి జాతీయ యువజనోత్సవాలు, అంతకు ముందు జిల్లా స్థాయి పోటీలు ఉంటాయి. ఇవి ఉండాలి. పిల్లలు జిల్లా కేంద్రం వేదిక మీద నిలబడి పాడితే ధైర్యం వస్తుంది. కాని పోటీ ఒక పూటలో ముగుస్తుంది. గెలిచిన పిల్లకు సర్టిఫికెట్టు, మెమెంటో, పత్రికలో ఫొటో. మరుసటి నెలలో ఆ పిల్ల సాధన చేస్తున్నదా, బడి మానిందా అని చూసేవారు లేరు. జిల్లాలో మొదట వచ్చిన పిల్లల పేర్లు ఎట్లాగూ ఫైలులో ఉంటాయి గదా. ఆ ఫైలులోని పేర్లనే ఉపకార వేతనం దరఖాస్తులకు ఎక్కిస్తే సగం పని అయిపోతుంది. ఇందుకు కొత్త జీవో అవసరం లేదు, గుమాస్తాకు ఒక పూట పని.

రాష్ట్రం వైపు చూస్తే కథ కొంత పాతది. ఆంధ్రప్రదేశ్‌లో సంగీత, నాటక, నృత్య, లలిత కళల అకాడమీలను 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. రంగస్థలం మీద, తెర మీద పెరిగిన మనిషి ఆ పని చేయడం అప్పట్లో చాలామందిని నొప్పించింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి ఆ పనులు దానికి అప్పగించారు. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్నది ఈ విశ్వవిద్యాలయమే, 2025లో పేరు మారింది. జానపద, గిరిజన విజ్ఞానానికి దీని పీఠం వరంగల్లులో ఉన్నది. అక్కడ పరిశోధన జరిగింది, పుస్తకాలు వచ్చాయి. పట్టా చదువుకు పోగలిగినవారికి మేలు జరిగింది. పట్టా దాకా పోలేని కళాకారుని ఇంటికి ఆ మేలు నడిచి రాలేదు.

తెలంగాణ వచ్చాక 2014లోనే సాంస్కృతిక సారథి ఏర్పడింది. ఉద్యమంలో ఊరూరా గజ్జె కట్టి ఆడి పాడినవారికి ఉద్యోగాలు ఇచ్చారు. 550 మంది కళాకారులు నెల జీతం మీద చేరారు. పాట పాడితే సర్కారు జీతం వస్తుందన్న మాట పల్లె పిల్లలు విన్నది అదే మొదటిసారి, అందుకు మెచ్చుకోవలసిందే. అయితే ఆ ఉద్యోగంలో పని ఏమిటంటే ప్రభుత్వ పథకాల గురించి పాడటం. మొక్కలు నాటమని పాడాలి, టీకాలు వేయించమని పాడాలి. అది అవసరమైన పనే. కథ చెప్పేవాడు తన కథను, యక్షగానం ఆడేవాడు తన ఆటను పెంచుకునే పని వేరు. పైగా ఆ 550 మంది తర్వాతి తరం ఒకటి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. 2014లో వీరు చంటిపిల్లలు. వీరికి ఉద్యమమూ లేదు, ఆ ఉద్యోగమూ లేదు.

ప్రోత్సాహం ఏ వయసులో అందుతున్నదో చూడాలంటే దూరం పోనక్కరలేదు. కొడంగల్ దాటి దక్షిణంగా పోతే నారాయణపేట జిల్లా దామరగిద్ద. అక్కడి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. సొరకాయ బుర్రతో కట్టిన బుర్రవీణను ఆ ఇంట మూడు తరాలుగా వాయిస్తున్నారు. ఆ వాద్యం వాయించేవారు ఆయన తప్ప మరొకరు కనిపించని దశలో గౌరవం వచ్చింది. ఈ ప్రాంతానికంతటికీ గర్వకారణమే. కాని బుర్రవీణ నేర్చుకుంటామని పాతికేళ్ల కిందట నలుగురు పిల్లలు వచ్చి ఉంటే, వారికి నెలకు ఇంత అని ఎవరైనా ఇచ్చి ఉంటే, ఆ గౌరవం ఒక్క మనిషితో ఆగేది కాదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండు మెట్ల కిన్నెర ఆయన భుజాన ఉన్నందుకే ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమా పాటతో దేశమంతా మోగింది, కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు పక్కన కూలి పనిలో ఉన్న ఫొటో పత్రికల్లో వచ్చింది. దాని మీద రాజకీయ పక్షాలు ఒకరినొకరు అనుకున్నది పక్కన పెడితే, ఆ ఫొటో చూసిన పల్లె తండ్రి ఏమనుకుంటాడు? పద్మశ్రీ వచ్చినాయనే తట్ట మోస్తుంటే నీకెందుకురా ఈ వాయిద్యం అని కొడుకును కసురుతాడు. ఆ కసురుడుకు తండ్రిని తప్పుపట్టలేము.

ఇతరులు ఏం చేస్తున్నారని చూడటం తప్పు కాదు. తాండూరులో రైలెక్కితే సేడం, చిత్తాపూర్, వాడి దాటి కలబురగి. అక్కడ రంగాయణ శాఖ ఉన్నది. మైసూరులో 1989లో బి.వి. కారంత్ చేతుల మీద మొదలైన ఈ సర్కారు నాటక సంస్థ నటులకు జీతమిచ్చి, నేర్పి, నాటకాలు ఆడిస్తుంది. అదే రాష్ట్రంలో హావేరి జిల్లా గొటగోడిలో జానపద కళలకే ఒక విశ్వవిద్యాలయం 2011లో పెట్టారు. ఒకే మట్టి, ఒకే కంది పంట, రెండు భాషలు కలిసే పల్లెలు. అటు వైపు నాటకం మీద మనసున్న యువకునికి రైలు టికెట్టు దూరంలో ఒక తలుపు ఉన్నది. ఇటు వైపు వానికి హైదరాబాదే గతి. అక్కడ గది అద్దె కట్టి, సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరకు హోటల్లో పనికి చేరిన కథలు తాండూరు బస్టాండులో ఎన్నైనా వినవచ్చు.

ఐర్లండ్ దేశంలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. 2022లో దరఖాస్తు చేసిన అర్హుల నుండి 2,000 మంది కళాకారులను చీటీలు తీసినట్లు ఎంపిక చేసి, వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్ల పాటు ఇవ్వడానికి పూనుకున్నారు. ఏం రాశావు, ఏం పాడావు అని వారం వారం లెక్క అడగలేదు. అది డబ్బున్న చిన్న దేశం, మన రాష్ట్రం అంత ఇవ్వలేదు. కాని కళాకారుడు నేర్చుకునే కాలంలో, పేరు రాని కాలంలో కూడా అన్నం తింటాడన్న సంగతి గుర్తించడానికి డబ్బు అక్కరలేదు.

పెద్దేముల్‌లో ఏం చేయవచ్చు అన్నది అసలు ప్రశ్న. మొదట గురువుల పేర్లు రాయాలి. ప్రతి గ్రామ పంచాయతీలో ఒక నోటు పుస్తకం చాలు. ఎవరు ఏ కళ నేర్పగలరు, ఎన్నేళ్లుగా నేర్పుతున్నారు, ఏయే ఊళ్లలో ఆట కట్టించారు అని రాసి, గ్రామసభలో చదివి, సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టి ముద్ర వేయాలి. వేలిముద్ర వేసే ముసలాయన గురువని ఊరు చెప్పే నోటిమాట అప్పుడు కాగితం అవుతుంది. ఢిల్లీ వారు దానిని ఒప్పుకుంటారా అని సందేహించేవారు ఉంటారు. ముందు పంపి చూడాలి. ఏ కాగితమూ లేకుండా పంపిన దరఖాస్తు కన్నా పంచాయతీ ముద్ర ఉన్న దరఖాస్తుకు బలం ఉంటుంది. జిల్లా కలెక్టరు సాంస్కృతిక శాఖకు ఒక లేఖ రాసి, గ్రామసభ తీర్మానాన్ని గురువు పత్రంగా లెక్కించమని అడిగితే ఆ సందేహమూ తీరుతుంది.

తర్వాత బడి. మండలంలోని హైస్కూళ్లలో, కస్తూర్బా, గురుకుల పాఠశాలల్లో ఆరు నుండి తొమ్మిది దాకా చదివే పిల్లల్లో పాడేవారు, ఆడేవారు, బొమ్మ గీసేవారు ఎవరో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవై ఆరుకు వేదిక ఎక్కించేది వారినే. ఆ పేర్లు, పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి మండల విద్యాధికారి దగ్గర పెట్టాలి. ప్రకటన వచ్చిన నాడు మీసేవకు పరుగెత్తడం కాకుండా ముందే పత్రాలు సిద్ధంగా ఉంటాయి. బొమ్మలు గీసే పిల్లలకు ఇంకొక దారి కూడా ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు నడుపుతుంది. ఏడో తరగతి పాసైతే లోయర్ రాయవచ్చు. ఫ్లెక్సీలు వచ్చి గోడల మీద అక్షరాలు రాసే పెయింటర్ల పని పోయిన తర్వాత బొమ్మ గీసే చేతికి ఈ పరీక్ష ఒక్కటే పల్లెలో అందే కాగితం.

సాధనకు చోటు కావాలి. బడి సాయంత్రం నాలుగున్నరకు తాళం పడుతుంది. వారంలో రెండు రోజులు ఒక గది తెరిచి ఉంచి, పైన చెప్పిన గురువుల్లో ఒకరిని కూర్చోబెట్టవచ్చు. కరెంటు బిల్లు పంచాయతీ కడితే సరి. గురువుకు ఇచ్చేందుకు జాతర కమిటీలు ముందుకు రావాలి. జాతరలో ఒక్క రాత్రి డీజేకు, లైటింగుకు పోసే డబ్బు ఎంతో ఆయా ఊళ్ల కమిటీలకు తెలుసు. అందులో పదో వంతు పక్కకు తీసినా ఒక గురువుకు కొన్ని నెలల బత్తెం అవుతుంది. నేర్చుకున్న పిల్లలు మరుసటి ఏడు అదే జాతరలో ఆడుతారు. డీజే పెట్టవద్దని అంటే పడుచువాళ్లకు కోపం వస్తుంది, అట్లా అననవసరం లేదు. ముందు పిల్లల ఆట, తర్వాత డీజే అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తాండూరులో నాపరాళ్ల వ్యాపారులు, పప్పు మిల్లుల యజమానులు గుళ్లకు, అన్నదానాలకు చేయి విదుల్చుతారు. పదిహేను నుండి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు ఏ సర్కారు వేతనమూ లేదు కదా. ఆ నాలుగేళ్లకు, మండలానికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇవ్వడం వారికి భారం కాదు. ఆడపిల్లలకు ముందు ఇస్తే ఇంకా మేలు.

సీసీఆర్‌టీ వేతనానికి తదుపరి ప్రకటన వచ్చే లోపు ఆ బడి జాబితా తయారు కావాలి. ఈ ఏడు పద్నాలుగు దాటుతున్న పిల్లల పేర్లు అందులో మొదట రాయాలి. వచ్చే ఏడు వారికి దరఖాస్తు ఉండదు.